ముసలవ్వ భయాన్ని కూడా రాయించుకుందాం
(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఊరి పక్కకు ఫ్యాక్టరీ వస్తుందంటే మన అమ్మలక్కలు మొదట అడిగేది ఒక్కటే: "మా పిల్లలకేమన్నా అయితే?" అని. ఆఫీసర్లు నవ్వుతారు. "అది మీ భయం. లెక్కలు మా దగ్గరున్నాయి" అంటారు. ఆ లెక్కల సంగతి విశాఖ వెంకటాపురంలో చూశాం.

2020 మే 7 తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. స్టైరీన్ చల్లగా ఉంచాల్సిన సరుకు. వేడెక్కిందంటే తనలో తానే గడ్డకడుతూ ఇంకా వేడెక్కుతుంది. వేడి కొలిచే సాధనం ట్యాంకు అడుగున ఉంది, వేడి పైన పెరిగింది. సైరన్ ఉంది, మోగించలేదు. ఇవి మనం కోపంతో అంటున్నవి కావు, ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ రాసినవే.

మే 9న జనం శవాలను గేటు ముందుకు తెచ్చి, ఫ్యాక్టరీని ఇక్కణ్ణించి ఎత్తెయ్యమన్నారు. ఆవేశమే అది, కాదనం. జూలైలో కమిటీ నివేదికలోనూ జనావాసాలకు దూరంగా తరలించాలనే ఉంది. ఏడ్చినవాళ్ల మాటా చదివినవాళ్ల మాటా ఒకటి కావడానికి 12 ప్రాణాలు పోవాల్సి వచ్చింది.

అలాగని భయం చెప్పిందల్లా నిజమని మేం అనం. ఆ రాత్రే మళ్లీ లీకైందన్న మాట పుట్టి జనం పిల్లాజెల్లాతో రోడ్లెక్కారు. ట్యాంకు లోపల ఏం జరుగుతుందో చెప్పడానికి చదువుకున్నవాడు కావాల్సిందే. బాబాసాహెబ్ మనల్ని చదవమన్నది ఊరికే కాదు. కాని ఎంత ముప్పు భరించాలో, ఎవరు భరించాలో ఆ ఒక్కడే తేల్చేది కాదు. లక్షలో ఒకరికే ప్రమాదం అని కాగితం మీద రాస్తారు. ఆ ఒక్కరు ఏ వాడలో ఉంటారో రాయరు. లాభం ఎవరింటికి పోతుందో అసలే రాయరు.

2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసివ్వాలి. అంతా వీడియో తీయాలి. చివర్లో సారాంశం మన భాషలో చదివి వినిపించాలి. మనవాళ్లేమో అరిచి, మైకు లాక్కుని, భోజనాల వేళకు వచ్చేస్తారు. వెనకాల కలెక్టరు సంతకం పడిపోతుంది.

ఈసారి ముసలవ్వ భయాన్ని కూడా ఆమె మాటల్లోనే రాయించండి. మా బోరునీళ్లు ఎవరు పరీక్ష చేస్తారు, సైరన్ మీట ఎవరి చేతిలో ఉంటుంది, రాత్రి మూడింటికి మమ్మల్ని లేపేదెవరు అని అడిగించండి. చదివి వినిపించేదాకా కూచున్న చోటునుంచి లేవొద్దు.