ఇంటి పెరట్లో ఆలుగడ్డ



మూసారాంబాగ్ పేరులోనే తోట ఉన్నది. నిజాం కొలువులో పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండు పేరే జనం నోట మూసారాం అయిందని చెబుతారు. ఆయన సమాధి ఆ దగ్గరలోనే అస్మాన్‌గఢ్ గుట్టమీద ఉన్నది. ఆ తోట ఇప్పుడు లేదు. మేడలు, మెట్రో స్తంభాలు లేచాయి. అయినా పాత ఇళ్ల వెనుక నాలుగు గజాల నేలో, అది లేకుంటే డాబా మీద కాస్త ఎండో ఇంకా మిగిలే ఉన్నది. ఆ చోటులో ఆలుగడ్డ ఎట్లా పండించాలో, పండినదాన్ని చెడకుండా ఎట్లా దాచుకోవాలో ఈనాడు ముచ్చటించుకుందాం. కోస్తావారి బంగాళాదుంప, సీమవారి ఉర్లగడ్డ, మన ఆలుగడ్డ అన్నీ ఒకటే.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఆలుగడ్డ వేరు కాదు, భూమిలో ఊరిన కాండం. చిలగడదుంప వేరు, ఇది అట్లా కాదు. దీనిమీది కళ్లు కొమ్మమీది కణుపుల వంటివి. కాండం గనుకనే వెలుతురు తగిలితే పచ్చబడుతుంది. ఆ పచ్చదనం విషం కాదు గాని, దాన్ని తెచ్చిన వెలుతురే సొలనిన్ అనే విషపదార్థాన్ని కూడా పెంచుతుంది. ఉడకబెట్టినా అది పోదు. తింటే కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. పిల్లల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఇక కాలం. దుంప ఊరాలంటే రాత్రులు చల్లబడాలి. హైదరాబాదులో డిసెంబరు, జనవరి రాత్రుల్లో వేడి 15 డిగ్రీల దగ్గరకు దిగుతుంది. ఆ రెండు నెలలే మనకు పెట్టుబడి. కాబట్టి దసరాకు నేల తవ్వి సిద్ధం చేసుకొని, నవంబరు మొదటి పక్షంలో నాటవలెను. ఆత్రంతో సెప్టెంబరులోనే నాటితే తడి, వేడి కలిసి విత్తనం కుళ్లుతుంది. జనవరిలో నాటితే ఆకు ఏపుగా వస్తుంది, అడుగున గోలీలు దొరుకుతాయి. జహీరాబాదు, కోహీరు ఎర్రనేలల్లో ఆలుగడ్డ వేసే రైతులదీ ఈ యాసంగి లెక్కే.

విత్తనం సంగతికి వస్తే, సిమ్లాలోని కేంద్ర ఆలుగడ్డ పరిశోధనా సంస్థ విడుదల చేసిన కుఫ్రీ రకాలలో కుఫ్రీ లౌకర్ పీఠభూమికి అనువైనది. 2006లో వచ్చిన కుఫ్రీ సూర్య కొంత వేడిని ఓర్చుకుంటుంది. మూడు కిలోలకోసం విత్తన వ్యాపారి దగ్గరకు పోలేమంటారా, ఆలుగడ్డ వేసే రైతునెవరినైనా అడిగి చూడండి. సరూర్‌నగర్ రైతుబజారులో కొన్నది నాటదలిస్తే ముందు రెండు వారాలు నీడపట్టున వెలుతురులో పరచి చూడండి. మొలక రాకుండా మందు వేసిన సరుకైతే కదలదు. మంచిదైతే పొట్టిగా, గట్టిగా మొలకలు లేస్తాయి. విత్తనానికి వెలుతురు మేలు, తిండికి చేటు. ఈ రెండూ ఎప్పుడూ కలపకండి. కోడిగుడ్డంత దుంపలను కోయకుండా నాటడం మేలు. పెద్దవి కోయవలసివస్తే ముక్కకు రెండు కళ్లైనా ఉంచి, కోసిన చోటు ఆరేవరకు ఒకటి రెండు రోజులు నీడలో ఉంచండి.

పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు నేలకు మూడు కిలోల విత్తనం సరిపోతుంది. సాలుకు సాలుకు రెండడుగులు, మొక్కకు మొక్కకు జానెడు, లోతు నాలుగు వేళ్లు. ఎరువు బాగా చివికినదై ఉండాలి. పచ్చిపేడ వేస్తే దుంపకు గజ్జి పడుతుంది. క్రితం పంట టమాటా, వంకాయ, మిరప అయిన మడిలో వేయవద్దు; అవన్నీ ఒకే కుటుంబం, ఒకదాని తెగులు ఇంకొకదానికి అంటుతుంది. నీరు తక్కువగా, తరచుగా పెట్టండి. బోదె తడవాలి గాని మునగకూడదు. మూసీ నీరు, ఇంటి మురుగునీరు మాత్రం ఈ మడికి తగదు.

నాటిన నెలకు మొక్క జానెడు దాటుతుంది. అప్పుడు మొదలుచుట్టూ మట్టి ఎగదోయవలెను. మరి రెండు వారాలకు ఇంకోసారి. చాలామంది బద్ధకించేది ఈ రెండోసారి దగ్గరే. వాన కాకపోయినా నీటి ధారకే మట్టి జారి దుంప వీపు బయటపడుతుంది, పచ్చబడుతుంది. డాబా మీదివారు గోనెసంచిలో మూడోవంతు మట్టి పోసి నాటి, మొక్క ఎదిగినకొద్దీ పోస్తూ రావచ్చు. అయితే సంచి నిండా దొంతరలుగా దుంపలు వస్తాయన్న మాట నమ్మకండి. ఎక్కువభాగం నాటిన విత్తనం దగ్గరే ఊరుతాయి. మట్టి పోసేది వెలుతురు ఆపడానికే.

సంక్రాంతి వెళ్లిన తరువాత ఆకు పండుబారుతుంది. నీరు ఆపండి. తీగె కోసివేసి పది రోజులు దుంపను భూమిలోనే ఉంచండి, తోలు ముదురుతుంది. ఒకటి తీసి బొటనవేలితో రుద్దితే పొట్టు లేవకూడదు. గునపం మొక్కకు జానెడు దూరంలో దించండి. కిలో విత్తనానికి అయిదారు కిలోలు వస్తే పెరటిలో అది మంచి పంటే.

తవ్వినదాన్ని కడగవద్దు. గాలి ఆడే చీకటి చోట వారం పదిరోజులు ఆరనిచ్చి, గాయపడినవి ముందు వండుకోండి. మొదటి ఏడు మా ఇంట్లో పంటంతా వంటింటి కిటికీ కింద పోశాం. పదిరోజుల్లో పైవరస ఆకుపచ్చగా తేలింది. పారవేయబోతే పశువుకు పెడదామన్నారు పొరుగువారు. వద్దన్నాను, పశువుకూ అది విషమే. చిన్న మచ్చైతే లోతుగా చెక్కివేయవచ్చు, బాగా పచ్చబడినది, చేదు కొట్టేది మాత్రం గోతిలో పూడ్చవలసిందే.

ఇప్పుడు మేము వెదురుగంపలో పోసి, ఎండిన వేపాకు పైన పరచి, గోనెపట్టా కప్పి, మంచం కింద పెడుతున్నాం. చిమ్మెట వచ్చి గుడ్లు పెట్టకుండా ఆ కప్పు కాపాడుతుంది. వారానికోసారి ఏరి, కుళ్లింది తీసివేయాలి. ఒకటి కుళ్లితే గంపంతా పాడు. ఉల్లిగడ్డ పక్కన ఉంచవద్దు. ఫ్రిజ్‌లోనూ వద్దు, చలికి పిండి చక్కెరగా మారి వేపుడు నల్లబడుతుంది.

ఇంత చేసినా మన ఊరి మార్చి ఎండలకు దుంప మొలకెత్తక మానదు. ఉగాదిలోపల తినివేయండి. వచ్చే ఏటి విత్తనానికని దాచబోకండి. ఏప్రిల్, మే వేడికి ఇంట్లో అది నిలవదు, పైగా ఈ ఏటి వైరసు తెగులు అందులోనే దాగి వస్తుంది. అక్టోబరులో కొత్తది కొనుక్కోండి.