కల్పిత నామముల పుట్టినిల్లు

 

కల్పిత నామములు శూన్యమునుండి పుట్టవు. 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఊహాలోకపు ఆటను చూడుడు. అందలి మాంత్రికుడు వెక్నా పేరు, కథారచయిత జాక్ వాన్స్ ఇంటిపేరులోని ఆంగ్లాక్షరములను తారుమారు చేయగా వచ్చినది. ఆటకర్తలలో ఒకరైన గారీ గైగాక్స్, తమకు ప్రేరణనిచ్చిన గ్రంథముల పట్టికను 1979లో ప్రకటించి, అందు వాన్స్ రచనలను చేర్చి, ఆ ఋణమును ఒప్పుకొనిరి. ఐదు తలల డ్రాగన్ తియామత్ పేరు బాబిలోనియా సృష్టిగాథలోని సముద్రదేవతది.

1977 నాటి ఆట పుస్తకములో మన రాక్షసుడును గలడు. కాని పులి తలతో చిత్రింపబడెను. ఆటలాడుట దోషము కాదు. అయినను మన పిల్లలు రాక్షసుని అచ్చటనే మొదట చూచినచో, పులితలయే నిజమనుకొందురు. అట్టి వేళ రామాయణమును వారి చేతికందించునది ఈ గ్రంథాలయమే. 25 ఏండ్లుగా తెరచియున్న ఈ తలుపులు ఇకముందును మూతపడకుండుగాక!