పిడికెడు బియ్యము

(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన మండల చరిత్రను గురించి పెద్దలు చక్కగా చెప్పినారు. నన్ను మన ప్రాంతపు జీవితమును గురించి నాలుగు మాటలు చెప్పుమన్నారు. ప్రాంతము అనగానే గుట్టలు, చెరువులు, జాతరలు గుర్తుకు వచ్చును. నేను మాత్రము మిమ్మును వంటింటిలోనికి తీసికొని పోదలచినాను. మన తల్లులు పొయ్యిమీద ఎసరు పెట్టి, బియ్యము కొలిచి, కడుగుటకు ముందు అందులోనుండి ఒక పిడికెడు తీసి వేరొక కుండలో పోసెడివారు. అది దేవుని భాగము. ఆ పిడికెడు బియ్యమే నేటి నా అంశము.

మనము నివసించు ఈ దోర్నకల్ కాజీపేట - విజయవాడ రైలు మార్గములో ఒక జంక్షను. ఇక్కడనుండి ఒక లైను చీలి కారేపల్లి మీదుగా కొత్తగూడెము వైపు, భద్రాచలం రోడ్డు స్టేషనుకు పోవును. 1889లో యెల్లందులో బొగ్గు గనులు మొదలైనవి. బొగ్గుకొరకు రైలు వచ్చినది. రైలుతోపాటు నలుదిక్కులనుండి మనుష్యులు వచ్చినారు. బజారులో తెలుగు, తండాలలో లంబాడీ, నైజాము కచేరీలలో ఉర్దూ, వీటి నడుమ మిషను బంగళాలో తమిళము వినబడిన చోటు ఇది. పలు భాషలు కలిసిన ఈ మెట్ట ప్రాంతములో దేవుడు తన సంఘమును నాటినాడు.

తమిళము ఎందుకు వినబడినదో యౌవనులు తెలిసికొనవలెను. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు ఒక మిషనరీ సంఘమును స్థాపించినారు. మనుష్యులు భారతీయులే, ధనము భారతీయులదే, నిర్వహణ భారతీయులదే అన్నది వారి నియమము. ఆ రోజులలో అది సాహసము. వారు పంపిన సేవకులు మన ప్రాంతమునకు వచ్చి మన భాష నేర్చుకొన్నారు. ఆ సంఘ స్థాపకులలో ఒకరైన వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు 1909లో ఇక్కడికి వచ్చినారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ దేవాలయములో ఆయన బిషప్పుగా అభిషేకింపబడినారు. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. తమిళ సంఘములలో “పిడి అరిసి” అను ఆచారము కలదు. ఆ మాటకు అర్థము కూడ పిడికెడు బియ్యమే. అక్కడి పిడికిలి, ఇక్కడి పిడికిలి ఒకదానినొకటి గుర్తుపట్టినవని నేననుకొందును.

మన సంఘములలో మొదట బాప్తిస్మము పొందినవారిలో అధికులు మాల, మాదిగ పేటలవారు. దొరల పొలాలలో కూలి చేసి, గింజలనే కూలిగా తెచ్చుకొన్నవారు. వెట్టిచాకిరీ ఎరిగినవారు. ఈ మెట్ట గ్రామములలో వరి అన్నము అందరి ఇంట ప్రతిదినము ఉండెడిది కాదు. జొన్న గటక తిన్న ఇంట పిడికెడు జొన్నలే దేవుని భాగము. అట్టివారిని కానుక అడుగుట న్యాయమా అని ఎవరికైనను తోచవచ్చును. కాని తరతరములుగా ఆ చేతులు దొర వాకిట చాచిన చేతులు. ఎవరో పోసినది పుచ్చుకొనుటయేగాని, నీవు కూడ ఇయ్యగలవు అని వాటితో చెప్పినవారు లేరు. వంటింటిలో ఆ కుండ పెట్టిననాడు పుచ్చుకొను చేయి ఇచ్చు చేయి అయినది. కానుకకు లెక్క ఉన్నది, ఆ గౌరవమునకు లెక్క లేదు.

అయినను కానుక లెక్క కూడ చూడుడి. పిడికెడు నలభై గ్రాములనుకొందము. దినమునకు రెండు పూటలు, సంవత్సరమునకు 730 పిడికిళ్లు. ఒక ఇంటినుండి 29 కిలోలు దాటును. నలభై ఇండ్ల సంఘములో పదకొండు క్వింటాళ్లకు పైన. ఇది ధనికుడు ఒక్కనాడు వ్రాసియిచ్చు చెక్కు కాదు. స్త్రీలు, అందులోను తమ చేతిలో రూపాయి నిలువని స్త్రీలు, భర్తనుగాని మేస్త్రీనిగాని అడుగకుండ తమ ఇష్టముతో ఇచ్చినది. ఆ బియ్యము అమ్మిన సొమ్ముతో ఉపదేశుల జీతములకు తోడ్పడినారు, గుడి కప్పు వేసికొన్నారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన మన ఎపిఫనీ దేవాలయమును చూచుటకు దూరమునుండి జనులు వచ్చి దాని గుమ్మటములను, స్తంభములను మెచ్చుకొందురు. మన దేశపు మసీదుల అందము, ఆలయముల అందము అందులో కలిసినవి. ఆ రాళ్ల వెనుక ఎన్ని పిడికిళ్లున్నవో బయటివారికి కనబడదు. మన పిల్లలకైనను తెలియవలెను.

ఇక కోత పండుగ సంగతి. గుమ్మమునకు చెరకు గడలు, బల్లచుట్టు వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఆరాధన తరువాత వేలంపాట. ఒకే కోడిని ఒకరు పాడుకొని తిరిగి కానుకగా ఇచ్చుట, దానిని మరియొకరు పాడుకొనుట, పిల్లలు నవ్వుట మనమందరము చూచినదే. నేడు మన పొలములలో పత్తి, మిరప పెరిగినవి. మిరప ఏరు కాలములో తెల్లవారకముందే స్త్రీలు ఆటోలలో పరాయి ఊళ్లకు పోవుచున్నారు. యౌవనులు హైదరాబాదులోను, గల్ఫు దేశములలోను ఉన్నారు. పండుగకు కంకి తెచ్చుటకు చాలమందికి పొలము లేదు. పొలమున్నవారికి అందులో వరి లేదు. కావున కవరులో నోటు పెట్టి ఇచ్చుట అలవాటైనది. అది తప్పని నేననను. కాని కవరు నెలకొకసారి చేతికి వచ్చును. కుండ రోజునకు రెండుసార్లు దేవుని జ్ఞాపకము చేసినది.

ఒక సంఘ కమిటీలో జరిగిన చర్చ మీతో చెప్పవలెను. పిడికెడు బియ్యము ఆపివేయుదమని ఒక చదువుకొన్న తమ్ముడు ప్రతిపాదించినాడు. అతని వాదము బలమైనదే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిననాటినుండి పేదల ఇండ్లలో ఉడుకునది చాలవరకు ప్రభుత్వపు బియ్యము. 2025 ఉగాదినుండి మన రాష్ట్రములో రేషను దుకాణములలో సన్న బియ్యమే ఉచితముగా ఇచ్చుట మొదలైనది. “ఊరకే వచ్చినది తీసి దేవునికిచ్చుట కానుక ఎట్లగును అయ్యగారూ?” అని అతడు అడిగినాడు. అప్పుడు స్త్రీల మైత్రిలోని ఒక పెద్దమ్మ లేచి, “కంట్రోలు బియ్యం సర్కారు నాకిచ్చింది బిడ్డా. నా సంచిల పడ్డంక అది నా పొట్టకే గద. ఆ పొట్టకాడికెల్లి పిడికెడు తీసింది సర్కారా, నేనా?” అన్నది. కమిటీలో ఎవరును మారు పలుకలేదు.

ఆమె మాట సత్యము. అయితే ఆ తమ్ముని ప్రశ్నను కూడ నేను త్రోసివేయను. ఏలయనగా అందులో మరియొక చిక్కు ఉన్నది. రేషను బియ్యము అమ్ముట, కొనుట చట్టము ఒప్పని పని. అది ఆకలిగొన్నవాని నోటికై ఇచ్చినది. ప్రోగుచేసిన ఆ బియ్యమును వ్యాపారికి తూచి, వచ్చిన సొమ్మును సంఘపు ఖాతాలో జమ కట్టుట మనకు తగదు. మరి కుండను పగులగొట్టుదమా? వలదు. కుండలోని దానిని వండుదము.

సారెపతు విధవరాలిని జ్ఞాపకము చేసికొనుడి. ఆమె ఇంట మిగిలినది ఒక పిడికెడు పిండి, కొంచెము నూనె. ఏలీయా మొదట తనకు ఒక చిన్న రొట్టె చేయుమన్నాడు. ఆమె ఆ పిండిని అంగడిలో అమ్మలేదు, రొట్టె కాల్చినది. ప్రవక్త తినెను, ఆమె తినెను, ఆమె ఇంటివారు తినిరి. కానుక ఆహారమైనది. మన ప్రాంతపు పద్ధతి కూడ ఇదే గదా! సద్దుల బతుకమ్మనాడు స్త్రీలు తెచ్చుకొన్న సద్దులను ఒకరికొకరు పంచుకొందురు. మన క్రిస్మసునాడు కులమేదని అడుగక ఇరుగుపొరుగువారిని పిలిచి అన్నము పెట్టుదుము. ఈ నేలమీద పండుగ అనగా పంచుకొనుట.

కాబట్టి ప్రతి పాస్టరేటునకు నా మనవి ఇది. పిడికెడు బియ్యమును తిరిగి ఆరంభించుడి. దానిని అమ్మక, వారమున కనీసము ఒకనాడు వండించుడి. ఆస్పత్రి వరండాలో రోగి ప్రక్కన పస్తుండు బంధువు ఉన్నాడు. పిల్లలందరు వలసపోగా ఒంటరిగా మిగిలిన ముసలివారు ఉన్నారు. పరాయి రాష్ట్రమునుండి పనికి వచ్చి మన ఊరి చివర గుడిసె వేసికొన్నవారు ఉన్నారు. నూరేండ్ల క్రిందట మన పితరులు ఎట్టివారో నేడు వీరు అట్టివారు. వండు పని స్త్రీలమీదనే వేయక పురుషులు, యౌవనులు కట్టెలు మోయుడి, గరిటె పట్టుడి. ఇది జరుగని పని అనువారికి ఒక్క మాట. మిజోరాము ప్రెస్బిటేరియన్ సంఘములో 1910లో మొదలైన పిడికెడు బియ్యపు కానుకను అక్కడి స్త్రీలు నూరేండ్లు దాటినను విడువలేదు. వారు చేయగలిగినది మనము చేయలేమా?

శతవార్షికోత్సవమున రాతి ఫలకములు వేయుదుము, సంచికలు అచ్చువేయుదుము. అవి మంచివే. కాని గడచిన నూరేండ్లు ఎవరి చేతులమీదుగా నడిచినవో, రాబోవు నూరేండ్లు కూడ అట్టి చేతులమీదుగానే నడుచును. వాటిలో మీ చేయి, నా చేయి ఉండునుగాక. కొంచెములో కొంచెము ఇచ్చిన మన తల్లుల విశ్వాసమును దేవుడు మనకును, మన పిల్లలకును అనుగ్రహించునుగాక. ఆమేన్.