గుండెపోటు తరువాత కొలెస్టరాల్ లెక్క



గుండెపోటు వచ్చి, స్టెంటు వేయించుకొని ఇల్లు చేరిన ఒక పెద్దమనిషిని ఊహించుకోండి. బతుకుతెరువుకై వచ్చి ముప్పై ఏళ్లుగా బెంగళూరులో స్థిరపడినవారు. మూడు నెలల తరువాత వీధి చివరి ల్యాబులో రక్తపరీక్ష చేయించుకొన్నారు. ఎల్‌డీఎల్ 96 అని వచ్చింది. దాని ఎదురుగా ‘100 లోపు’ అని అచ్చువేసి ఉంది. కాగితం చూసిన కుమారుడు “నాన్నగారూ, అంతా నార్మలే” అన్నాడు. ఆ సంతోషంలో రాత్రి మాత్ర ఆగిపోయింది. సంక్రాంతికి ఊరికి వెళ్లినప్పుడు మాత్రల పట్టీ సంచిలోనికి ఎక్కనే లేదు.

ఇటువంటి ఇళ్లు ప్రతి పేటలోనూ ఉంటాయి. ఇందులో ల్యాబు చేసిన తప్పేమీ లేదు. ఆ కాగితం మీది హద్దు సామాన్య జనానికి ఉద్దేశించినది. ఒకసారి గుండెపోటు వచ్చినవారి హద్దు వేరు. అట్టివారికి ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలని 2019లో ఐరోపా హృద్రోగ నిపుణుల సంఘం నిర్దేశించింది. 50 లోపు ఉండాలని మన దేశపు లిపిడ్ అసోసియేషన్ 2016లోనే చెప్పింది. ఆ లెక్కన 96 అంటే దాదాపు రెట్టింపు. పైగా ఆ 96 కూడా మాత్ర వేసుకొంటున్నందువల్ల వచ్చిన అంకె. మాత్ర మానితే కొద్ది వారాలలోనే పాత అంకె తిరిగి వస్తుంది.

కారణం కాలేయంలో ఉంది. శరీరంలోని కొలెస్టరాల్‌లో అధికభాగం శరీరమే తయారుచేసుకొంటుంది. స్టాటిన్ మాత్ర కాలేయంలో ఆ తయారీని తగ్గిస్తుంది. అప్పుడు కాలేయ కణాలు తమ అవసరానికి రక్తంలోని ఎల్‌డీఎల్‌ను పట్టి లోనికి లాగుకొంటాయి. ఆ పట్టే గ్రాహకాలను కనుగొన్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి లభించింది. 1994లో వెలువడిన స్కాండినేవియా అధ్యయనంలో 4,444 మంది హృద్రోగులను ఐదేళ్లకు పైగా గమనించారు. ఉత్తుత్తి మాత్ర తీసుకొన్నవారిలో 256 మంది, సిమ్వాస్టాటిన్ తీసుకొన్నవారిలో 182 మంది మరణించారు. రెండు వర్గాలూ ఇంచుమించు సమానమైనవే.

ఇక పరీక్ష ఎప్పుడు? గుండెపోటు వచ్చిన మొదటి ఇరవైనాలుగు గంటలలోపు ఒకసారి చేయాలి. ఆ తరువాత ఎల్‌డీఎల్ తాత్కాలికంగా తగ్గి, ఉన్నదానికంటె తక్కువగా కనిపించవచ్చు. మందు మొదలుపెట్టినా, మోతాదు మార్చినా 4 నుండి 12 వారాలలో మరొకసారి. అటుపిమ్మట వైద్యుని సలహాను బట్టి 3 నుండి 12 నెలలకొకసారి. పరగడుపున ఉండాలన్న పట్టుదల సాధారణంగా అక్కరలేదు. అయితే చాలా ల్యాబులలో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు. మొత్తం కొలెస్టరాల్‌లో నుండి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్లలో ఐదవ వంతును తీసివేసి లెక్కకడతారు. మొత్తం 170, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్లు 150 అయితే ఎల్‌డీఎల్ 100. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క నిలవదు. అప్పుడు పరగడుపున మళ్లీ చూడవలసిందే.

అంకె దిగకపోతే మోతాదు రెట్టింపు చేసినంత మాత్రాన పెద్ద మార్పు రాదు; సుమారు ఆరు శాతం మాత్రమే అదనంగా తగ్గుతుంది. అందుచేతనే వైద్యులు ఎజెటిమైబ్ వంటి రెండవ మందును జతచేస్తారు. కండరాల నొప్పి వస్తే చెప్పకుండా మానివేయడం కంటె వైద్యునికి చెప్పడం మేలు. మోతాదో మందో మార్చే వీలు ఉంటుంది. ఖరీదు భారమైతే జన ఔషధి కేంద్రాలలో ఇవే మందులు తక్కువ ధరకు దొరుకుతాయి.

నూనె డబ్బా మీద ‘కొలెస్టరాల్ లేదు’ అన్న ముద్రను చూసి మురిసిపోయేవారూ ఉన్నారు. వేరుశెనగ నూనెలో గాని, పామాయిల్‌లో గాని అది చెప్పుకోదగినంత ఉండనే ఉండదు. అసలు చూడవలసినది సంతృప్త కొవ్వు. అది పామాయిల్‌లో ఎక్కువ.

ఊరికీ నగరానికీ మధ్య తిరిగేవారికి ల్యాబులు మారుతుంటాయి, వైద్యులు మారుతుంటారు, చీటీ మీది భాష కూడా మారుతుంది. ఒక చిన్న పుస్తకంలో పరీక్ష తేదీ, ఎల్‌డీఎల్ అంకె, ఆనాడు వేసుకొంటున్న మాత్ర పేరు, మోతాదు తెలుగులోనైనా సరే వ్రాసి ఉంచుకొంటే, ఏ ఊరి వైద్యుడైనా అంతకుముందు ఏమి జరిగిందో అడిగి తెలుసుకోగలడు.