ఆటల పోటీలు – స్థానాల లెక్క
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇంతకుముందే సిద్ధాంతిగారు పంచాంగం చదివి, ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అన్నది వినిపించారు. నేను చెప్పబోయేది కూడా అటువంటి అంకెల సంగతే. కాని యివి ఆటల జట్ల రాజపూజ్యావమానాలు. నేను మెట్రిక్ పాసై రైల్వేలో గుమాస్తాగా ఉన్నవాణ్ణి, గణిత పండితుణ్ణి కాను. అయినా యీ లెక్క నాచేత ఒక తప్పు ఒప్పించింది గనుక మీ ముందు నిలబడ్డాను.

కొన్నాళ్ళ క్రితం పొరుగూరిలో వాలీబాల్ పోటీలు జరిగినవి. బజారు జట్టు, విద్యార్థుల జట్టు, రైల్వే జట్టు, మిల్లు జట్టు, పంతుళ్ళ జట్టు – మొత్తం అయిదు. ప్రతివారూ ప్రతివారితో ఆడితే పది ఆటలు కావాలి. వాన పట్టుకొన్నది. అయిదు ఆటలే జరిగినవి, జట్టుకు రెండేసి చొప్పున. బజారువారు విద్యార్థులనూ మిల్లువారినీ ఓడించారు. విద్యార్థులు మా రైల్వేవారిని ఓడించారు. మేమూ, మిల్లువారూ పంతుళ్ళను ఓడించాము.

మొదటి స్థానం బజారువారిదని అందరూ ఒప్పుకొన్నారు. ఫైనలులో వారితో ఆడవలసిన రెండవ జట్టు ఏది? మూడు జట్లకు ఒక్కొక్క గెలుపు, ఒక్కొక్క ఓటమి. “మేము రైల్వేవారిని గెలిచాము గదా!” అని విద్యార్థులు అన్నారు. “మాతో మీరు ఆడనే లేదు గదా!” అని మిల్లువారు అన్నారు. చివరకు చీటీలు వేశారు. ఆ చీటీలు వ్రాసినది నేనే. వచ్చినది మా రైల్వే పేరు. విద్యార్థుల్లో ఒక చిన్నవాడు నావంక చూచి, “అన్నా, మేం మిమ్మల్ని గెలిచాం గదా?” అని మాత్రం అన్నాడు. నేను నవ్వి ఊరుకొన్నాను. ఆ నవ్వు యిప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉన్నది.

తరువాత తెలిసినది, యీ చిక్కుకు విడుపు ఉన్నదని. అమెరికాలో వెస్లీ కాలీ అనే ఖగోళ భౌతిక శాస్త్రజ్ఞుడు చెప్పిన పద్ధతి అది. అందులోని సారం యిది: గెలుపులన్నీ ఒక్క విలువవి కావు, ఎవరిమీద గెలిచామన్నది చూడవలెను. బలవంతుడి చేతిలో ఓడినవాడికీ, బలహీనుడి చేతిలో ఓడినవాడికీ తేడా ఉన్నది. అయితే ఎదుటివాడి బలం తెలియాలంటే వాడి ఎదుటివాడి బలం తెలియాలి. ఆ విధంగా గుండ్రంగా తిరిగి మన దగ్గరకే వస్తాము. దీనికి మందు మన బళ్ళోనే ఉన్నది. పదో తరగతిలో రెండు సమీకరణాలు వ్రాసి x, y కనుక్కోలేదా? ఇక్కడ అయిదు జట్లకు అయిదు సమీకరణాలు. వాటిని వరుసలుగా, నిలువులుగా అమర్చిన అంకెల పట్టికనే మాత్రిక అంటారు. ఆ శాస్త్రాన్ని లీనియర్ ఆల్జీబ్రా అంటారు.

మన పోటీకి సమీకరణం యిట్లా వస్తుంది: ఒక జట్టు విలువకు నాలుగు రెట్లు, దాని గెలుపులూ దాని ప్రత్యర్థుల విలువలూ కలిపినంత. నాలుగు ఎందుకంటే, ఆడిన ఆటలు రెండు, ఏ ఆటా ఆడకముందు అందరి విలువా సరిగ్గా సగం ఉండేందుకు కలిపినవి రెండు. ఆటల సంఖ్య వేరైతే, గెలుపులకు బదులు, గెలుపుల్లోంచి ఓటములు తీసివేసి, సగం చేసి, ఒకటి కలపాలి. అందరూ రెండేసి ఆడినప్పుడు అది గెలుపుల సంఖ్యే అవుతుంది.

లెక్క విడదీస్తే, 38వ వంతులలో బజారుకు 29, విద్యార్థులకు 21, మిల్లుకు 19, రైల్వేకు 17, పంతుళ్ళకు 9 వచ్చినవి. నమ్మకం లేనివారు సరిచూచుకోవచ్చును. విద్యార్థుల 21కి నాలుగు రెట్లు 84. వారి ప్రత్యర్థులు బజారు 29, రైల్వే 17, కలిపి 46, ఒక గెలుపుకు 38, మొత్తం 84. సరిపోయింది గదా! చూచితిరా, ముగ్గురిలో మేమే కడపటివాళ్ళము. చీటీ మమ్మల్ని ముందు కూర్చోబెట్టింది.

అమెరికా కళాశాలల ఫుట్‌బాలులో వందకు పైగా జట్లుంటాయి. ఎవరూ అందరితో ఆడలేరు. అందుచేత అక్కడ 2013 దాకా జాతీయ స్థానాల నిర్ణయంలో ఓట్లతోపాటు యిటువంటి లెక్కలనూ వాడారు. కాలీ లెక్క వాటిలో ఒకటి. 2010లో ఒక ఆట ఫలితం అందులో నమోదు కాలేదు. దానివల్ల, ఆ ఆట ఆడనే ఆడని ఎల్.ఎస్.యు., బోయిసీ స్టేట్ జట్ల పదో, పదకొండో స్థానాలు తారుమారైనవి. తప్పు బయటపడ్డాక సరిదిద్దారు. రిజిస్టరులో ఒక్క పద్దు మరచిపోతే ఎక్కడ తేలుతుందో మాబోటి గుమాస్తాలకు వేరే చెప్పనక్కరలేదు.

మనమందరం చూచే ఐ.పి.ఎల్. సంగతీ చూడండి. 2022లో జట్లు పదైన తరువాత జట్టుకు పద్నాలుగు ఆటలు: అయిదు జట్లతో రెండేసిసార్లు, నాలుగు జట్లతో ఒక్కొక్కసారి. అంటే అందరి దారీ ఒక్కటి కాదు. 2024లో మన హైదరాబాదు సన్‌రైజర్సుకూ, రాజస్థాన్ రాయల్సుకూ సమానంగా 17 పాయింట్లు వచ్చినప్పుడు, నెట్ రన్‌రేటు చూచి హైదరాబాదుకు రెండవ స్థానం యిచ్చారు. రెండవవారికి ఫైనలు చేరేందుకు రెండు అవకాశాలు, మూడవవారికి ఒక్కటే. ఒక్క మెట్టు తేడాకు అంత విలువ! ఆ రన్‌రేటు ఎంత వేగంగా పరుగులు తీశారో చెబుతుంది గాని, ఎటువంటివారిపై తీశారో చెప్పదు.

ఈ లెక్క సర్వరోగనివారిణి అని నేను అనను. ఒక్క పాయింటుతో గెలిచినా, చిత్తుగా ఓడించినా దీనికి ఒకటే. పైగా రెండు ఆటలతో ఎవరి బలమూ పూర్తిగా తేలదు. కాని చీటీకి కళ్ళు లేవు. దీనికి ఆడిన ఆటలన్నీ కనబడతాయి. ఎవరు చేసినా ఒకే జవాబు వస్తుంది. ఎవరైనా తప్పు పట్టవచ్చును.

కాబట్టి మన సంఘంవారికి నా మనవి ఒక్కటే. మన బోరిగుమ్మలో పోటీలు పెట్టినప్పుడు, వాన వచ్చి ఆటలు నిలిచిపోతే స్థానాలు ఎట్లా నిర్ణయించేదీ మొదటి బంతి లేవకముందే కాగితంమీద వ్రాసి గోడకు అంటించండి. గెలిచాక చెప్పిన నియమం నియమం కాదు, అది పక్షపాతం అనిపించుకొంటుంది. మన పిల్లలూ, వారితో కలసి ఆడే ఒడియా పిల్లలూ ఓటమిని ఓర్చుకొంటారు. అన్యాయాన్ని మాత్రం మరచిపోరు. లెక్క వేసిపెట్టే పని నాకు అప్పగిస్తే సంతోషంగా చేస్తాను. మా రైల్వే జట్టు అడుగున తేలినా సరే!

ఆ విద్యార్థికి ఆనాడు యివ్వని జవాబు యీనాడు మీ అందరి ఎదుట యిస్తున్నాను: “అవును తమ్ముడూ, మీరే గెలిచారు.”