బండి కంటే ముందు కాగితం ప్రయాణం కావాలి
(సంఘం నెలసరి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి చెప్పేవారు మనలో చాలామంది ఉన్నారు. నేను మన కమ్మర్‌పల్లి ఇళ్ళలో కొత్తగా తలెత్తుతున్న ఒక విషయం మీ ముందుంచుతాను. అది పాత మోటారు సైకిల్‌ను విదేశంలో ఉన్న పిల్లల దగ్గరికి పంపడం.

గల్ఫ్ పోయేవాళ్ళు బండిని మూలకు పెట్టి, పట్టా కప్పి పోతారు. ఆస్ట్రేలియాలో, అమెరికాలో స్థిరపడ్డ పిల్లలు మాత్రం "నాన్న బండి మాకు కావాలి" అంటున్నారు. కడిగి, పెట్టెలో పెట్టి పంపితే సరిపోతుందని మనం అనుకుంటాం. చిక్కంతా అక్కడే ఉంది.

ఒక ఉదాహరణ చెబుతాను. కాలం చేసిన మన మిత్రుడొకరికి 1980ల నాటి యెజ్డి ఉండేది. అది మైసూరు ఐడియల్ జావా వారి బండి. ఆ కర్మాగారం 1996లో మూతపడింది. ఆయన కొడుకు మెల్‌బోర్న్‌లో ఉన్నాడు. ఆ తల్లి నన్ను పిలిపించి, "అన్నా, బండి పోతే పోనీ. కాగితం సరిగా లేదని ఆయన వస్తువు ఏ సముద్రం ఒడ్డునో దిక్కులేక పడి ఉండొద్దు" అన్నది. ఆ పని నేను నెత్తిన వేసుకున్నాను. అందులో తెలిసినవి వరుసగా చెబుతాను.

మొదటిది అవతలి దేశపు అనుమతి. ఆస్ట్రేలియాకైతే బండి ఓడ ఎక్కకముందే దిగుమతి అనుమతి చేతికి రావాలి. 25 ఏళ్ళు దాటిన బండ్లకు అక్కడ ప్రత్యేక మార్గం ఉంది. అమెరికాలో 25 ఏళ్ళు దాటితే భద్రతా ప్రమాణాల నుంచి, 21 ఏళ్ళు దాటి అసలు రూపం చెడకుండా ఉంటే కాలుష్య నిబంధనల నుంచి మినహాయింపు దొరుకుతుంది. వయసు పెరిగితే మనకు అదనపు పెన్షన్ వచ్చినట్టే, అక్కడ బండికి ముసలితనమే అర్హత. ఈ దరఖాస్తు అక్కడున్న పిల్లలే పెట్టుకోవాలి.

రెండవది పేరు. ఆర్.సి. పుస్తకంలో ఇంకా మిత్రుని పేరే ఉంది. యజమాని పోతే 30 రోజుల్లో ఆర్.టి.ఎ. కార్యాలయానికి తెలియజేయాలి. మూడు నెలల్లో ఫారం 31 పెట్టాలి. వీళ్ళకు ఏళ్ళు గడిచాయి. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, కూతురి సమ్మతి సంతకం జతచేసి, ఆలస్య రుసుము కట్టి బండిని తల్లి పేరు మీదికి మార్పించాం. ఆడబిడ్డను అడగకుండా బండి పంపితే రేపు తోబుట్టువుల మధ్య మాట వస్తుంది. ఇంజను నెంబరు, చాసిస్ నెంబరు పుస్తకంలో ఉన్నట్టే బండి మీద ఉన్నాయో లేవో కూడా అప్పుడే సరిచూసుకోవాలి.

మూడవది మనవాళ్ళకే ప్రత్యేకమైన చిక్కు. ఆ బండి ప్రభుత్వ అడ్వాన్సుతో కొన్నది. అసలు, వడ్డీ జీతంలోనే కోతపడి ఎప్పుడో తీరాయి. అయినా పుస్తకంలో హైపోతికేషన్ రాత అట్లాగే ఉంది. అది తీసేయాలంటే ఫారం 35తో పాటు బాకీ లేదని పాత కార్యాలయం ఇచ్చే ఉత్తరం కావాలి. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినప్పుడు దస్త్రాలు ఎటు పోయాయో చెప్పేవారు లేరు. చెప్పులరిగేలా తిరిగాం. చివరికి ఆ తల్లి ట్రంకు పెట్టెలో పెన్షన్ కాగితాల వెంట నో డ్యూస్ సర్టిఫికెట్ నకలు దొరికింది. దాని ఆధారంగానే ఉత్తరం ఇచ్చారు. కాబట్టి పాత కాగితాలను చిత్తు కింద అమ్మకండి.

నాలుగవది శుభ్రత. బురద, గింజ, ఆకు ముక్క ఏది కనిపించినా ఆస్ట్రేలియా అధికారులు బండిని ఆపుతారు. మళ్ళీ కడిగించిన ఖర్చు మనమే కట్టాలి. మన బండ్లు పసుపు విత్తనం సంచులు మోసినవి. మడ్‌గార్డుల అడుగు, సీటు కింద, ఎయిర్ ఫిల్టరు పెట్టె, టైరు గాళ్ళు, స్ప్రింగుల సందులు బ్రష్షుతో తోమించాలి. మెకానిక్‌కు సీటు కింద ఎండిన పసుపు కొమ్ము ఒకటి దొరికింది. ఆ తల్లి దాన్ని పారేయనివ్వలేదు.

దానికంటే పెద్ద విషయం ఆస్బెస్టాస్. 2003 డిసెంబరు 31 నుంచి ఆస్ట్రేలియాలో దానికి పూర్తి నిషేధం ఉంది. ఆ కాలపు బ్రేక్ లైనింగులలో, గాస్కెట్లలో అది ఉండవచ్చు. "లేదు" అని నోటిమాటగా చెబితే ఒప్పుకోరు, రుజువు చూపాలి. అనుమానమున్న భాగాలు తీసేయించి, ఆస్బెస్టాస్ లేనివి వేయించి, బిల్లులు, పరీక్ష నివేదిక దగ్గర పెట్టుకోవాలి.

అయిదవది పెట్టె. టాంకులో, కార్బురేటరులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి. పొయ్యికి, దీపానికి దూరంగా, గాలి ఆడేచోట ఆరనివ్వాలి. బ్యాటరీ తీగలు విప్పాలి. ప్లగ్గు రంధ్రంలో కాస్త నూనె పోసి కిక్కు మెల్లగా తొక్కితే లోపల తుప్పు పట్టదు. పెట్టెకు వాడే కర్ర పురుగు పట్టకుండా శుద్ధి చేసినదై, దాని మీద అంతర్జాతీయ ముద్ర ఉండాలి. మామూలు అడితిలో కోయించిన చెక్క పనికిరాదు. ఎగుమతి కాగితాలు కస్టమ్స్ బ్రోకరు చూస్తాడు. ఆయనకు అన్నీ నకళ్ళే ఇచ్చి, అడిగినప్పుడే అసలు చూపండి. అక్కడి రేవులో పడే ఖర్చులు కూడా ముందే రాయించుకోండి. మొత్తం ఖర్చు బండి ధరను మించుతుంది. మనసు ఒప్పుకుంటేనే పంపండి.

ఆ యెజ్డి హైదరాబాదు సనత్‌నగర్ కంటైనర్ డిపో నుంచి నవషేవా రేవు మీదుగా వెళ్ళింది. తనిఖీలో ఏ అభ్యంతరమూ రాలేదు.

ఇదంతా విని "మా బండి ఎటూ పోదు" అనుకునేవారికి చివరిమాట. బండి విదేశం పోయినా పోకపోయినా మనం పోవడం ఖాయం. 2021లో వచ్చిన సవరణతో ఆర్.సి.లో నామినీ పేరు రాయించుకునే వీలు కలిగింది. పెన్షన్‌కు నామినేషన్ ఇచ్చినట్టే బండికీ ఇవ్వండి. అడ్వాన్సుతో కొన్న బండి అయితే హైపోతికేషన్ రాత కొట్టేయించండి. ఏ కార్యాలయంలో ఏ కాగితం ఉందో మనకు తెలుసు, మన ఇంటి ఆడవాళ్ళకు తెలియదు. మనం బతికుండగా ఒక పూటలో అయ్యే పనికి, మన తర్వాత వాళ్ళను ఏడాది పొడుగునా తిప్పవద్దు.