ఫిర్యాదు చెయ్యని కన్ను

ఈరోజు ఆప్టోమెట్రీ పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ మనస్ఫూర్తిగా అభినందనలు.

అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో నోవోట్నీ, ఆల్విస్ అనే ఇద్దరు వైద్య విద్యార్థులు ఉండేవారు. చేతి నరంలోకి ఫ్లోరెసిన్ రంగు ఎక్కించి, అది రెటీనా రక్తనాళాల్లో పారుతుండగా ఫొటోలు తీశారు. కంటివైద్య పత్రిక తిప్పిపంపిన ఆ వ్యాసం 1961లో గుండెజబ్బుల పత్రికలో అచ్చయింది. ముప్పై ఏళ్లకు, 1991లో, సూదీ రంగూ అక్కర్లేకుండా కాంతితోనే కణజాలం పొరల్ని చూపించే ఓసీటీ వచ్చింది. దాన్ని ప్రకటించిన వ్యాసంలో మొదటి పేరు డేవిడ్ హువాంగ్‌ది. అప్పటికి ఆయనా విద్యార్థే. మీ వయసువాళ్లు మన రంగానికి ఏం ఇచ్చారో ఈ వేదిక మీద చెప్పుకోవాలనిపించింది.

ఇంత మంచి పరికరం చేతికొచ్చినా, వయసుతో వచ్చే మాక్యులా క్షీణతతో మన దగ్గరికి చాలామంది ఆలస్యంగానే వస్తున్నారు. తల్లిదండ్రుల కోసం ఒక మాట: అక్షరం చదివేది, మనిషి ముఖాన్ని ఆనవాలు పట్టేది రెటీనా మధ్యనున్న మాక్యులా అనే చిన్న భాగమే. ఒక కంట్లో అది దెబ్బతింటే రెండో కన్ను ఆ లోటు కప్పేస్తుంది. ఇంట్లోవాళ్లేమో ‘వయసైంది కదా, శుక్లం వచ్చి ఉంటుంది’ అనుకుంటారు. కొందరికి ఆపరేషనూ అవుతుంది. కొత్త లెన్సు చక్కగా కూర్చున్నా ఎదుటి మనిషి ముఖం మాత్రం తేటపడదు. ఆ కుటుంబం పడే నిరాశ చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఆపరేషన్‌కి ముందే ఓసీటీ తీసి ఉంటే అసలు సంగతి అప్పుడే తెలిసేది.

ఈ జబ్బులో రెటీనా కింద పేరుకునే పసుపు మచ్చలు, డ్రూసెన్, 125 మైక్రాన్లు దాటినా, ఆ మనిషి చార్టు మీద ఆఖరి వరస దాకా చదివేయవచ్చు. జబ్బు సంగతి ఫొటోకి తెలుసు, ఆయనకి తెలియదు. చుట్ట, బీడీ మాన్పించడానికి, క్రమం తప్పకుండా పరీక్షకు రప్పించడానికి అదే అదను. జబ్బు తడి రకంలోకి మారి ద్రవం ఊరడం మొదలైతే కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లున్నాయి. 2006లో అమెరికాలో అలాంటి మందు రానిబిజుమాబ్‌కి అనుమతి వచ్చాక ఈ జబ్బు కథే మారింది. కానీ ఒకసారి మచ్చకట్టిన చోట పోయిన చూపును ఏ మందూ తిరిగి తేలేదు.

లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ ఆసుపత్రి స్కాన్లను చదివి, ఎవరిని ఎంత తొందరగా పంపాలో నిపుణులకు దీటుగా చెప్పగల ప్రోగ్రాం గురించి 2018లోనే చదివాం. దాన్ని నేను ఆహ్వానిస్తాను. అయితే తన ముందుకొచ్చిన కన్నునే అది చదువుతుంది. ఆ మనిషిని యంత్రం దాకా తీసుకొచ్చి గడ్డం ఆనించేలా చెయ్యాల్సింది మీరే.

రేపు మీ దగ్గరికి అరవై దాటినవాళ్లు దగ్గరచూపు అద్దాల కోసం వస్తారు. అద్దం మార్చినా అక్షరం నిలవడం లేదంటే వెంటనే మరో నంబరు వెతక్కండి. ఒక్కో కన్నూ మూయించి, కిటికీ ఊచలు వంకరగా కనిపిస్తున్నాయేమో అడగండి. అవునంటే ఆ వారంలోనే రెటీనా డాక్టరు దగ్గరికి పంపండి. వెళ్లారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.